ఏరి పారేసిన బియ్యం

చాటలో బియ్యం పలచగా పరిచి, ఒక్కొక్క గింజనూ వేలితో ఇవతలికి లాగుతున్నాను. వదిన నా ఎదురుగా గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో ఇంకో చాట పెట్టుకుంది. మా ఇద్దరి మధ్య బిస్కెట్ల డబ్బా మూత ఉంది. ఏరిన గింజలు అందులో పడుతున్నాయి.

"నాకు ముప్పై ఆరు గింజలయ్యేయి," అంది వదిన.

"నాకు అరవై దాటేయి."

"నీవి కళ్ళు కాదే పైడీ, జల్లెడ."

ఆ గింజలను గుర్తుపట్టడం కష్టం కాదు. మామూలు బియ్యపు గింజల్లో ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంటుంది, ఇంకోటి ముక్కు విరిగి ఉంటుంది. ఇవి మాత్రం అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కొంచెం పసుపు రంగు, నున్నని ఒళ్ళు. కడిగేటప్పుడు కొన్ని నీళ్ళ మీదికి తేలతాయి. మా సందులో వాటిని ప్లాస్టిక్ బియ్యం అంటారు. రేషన్ బియ్యంలో కలిపేసి పేదవాళ్ళకు పంపుతున్నారని అందరి నమ్మకం. మధ్యాహ్నం పన్నెండు దాటాక సందులో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళు చాటల ముందు వంగి కనిపిస్తారు.

ఈ సంగతి మా సందుకు చెప్పింది మా అన్నయ్య నానాజీ.

నాన్న పోయాక మేము మునగపాక నుంచి అనకాపల్లి వచ్చేశాం. అన్నయ్య బెల్లం మార్కెట్లో కలాసీ. దిమ్మలు లారీలకు ఎక్కిస్తాడు. అక్కడ అతని మాట వినేవాళ్ళు ఎవరూ లేరు. ఎత్తమన్నది ఎత్తాలి, దించమన్నది దించాలి. పోయినేడు ఎవరో ఫోన్లో వీడియో పంపారు. అందులో ఒకాయన అన్నం ముద్ద గట్టిగా పిసికి నేలకేసి కొడితే అది బంతిలా ఎగిరింది. మర్నాడు రేషన్ బండి వచ్చినప్పుడు అన్నయ్య ఇంట్లోంచి అన్నం ముద్ద పట్టుకెళ్ళి, బండివాడి కాళ్ళ దగ్గర కొట్టి చూపించాడు. ఎగిరింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీశారు.

ఆ రోజు నుంచి మా సందులో అన్నయ్యకు ఒక గౌరవం వచ్చింది. "నానాజీ సెప్పకపోతే మన పిల్లలకి ప్లాస్టిక్కే పెట్టీవోళ్ళం," అని ఆడవాళ్ళు అనుకునేవారు. అన్నయ్య ఆ మాట విననట్టు నడిచిపోయేవాడు. ఇంటికి వచ్చాక మాత్రం అమ్మను అడిగేవాడు, "ఏటన్నారు, మళ్ళీ సెప్పు," అని.

ఏరిన గింజలను కోళ్ళకు కూడా వేయనిచ్చేవాడు కాదు. మూత నిండగానే అమ్మ కాలవలో గుమ్మరించేది.

వదిన కడుపుతో ఉంది. మూడో నెలలో పరీక్ష చేసినప్పుడు రక్తం తొమ్మిది పాయింట్లు ఉంది. నాలుగో నెలలో ఎనిమిదికి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, మంచి తిండి పెట్టండి అని చెప్పి పంపింది. గుడ్డు, పాలు, ఆకుకూర, బీట్‌రూట్, ఖర్జూరం. వదిన ఆ పేర్లన్నీ దారి పొడుగునా గుర్తు పెట్టుకుని వచ్చి అమ్మకు అప్పజెప్పింది.

"కర్జూరం కూడానా?" అంది అమ్మ. "ఆ నర్సమ్మని వచ్చి మనింట్లో వంట సెయ్యమనాల్సింది."

అయినా అమ్మ ఊరుకోలేదు. అమ్మ ఎప్పుడూ కూరగాయల బజారు ఎత్తేసే వేళకే వెళ్తుంది. వాడిన వంకాయలు, ఒక పక్క మెత్తబడిన టమాటాలు, వడిలిన తోటకూర, అన్నీ కలిపి అడిగిన ధరకు వస్తాయి. ఆ వారం ఒక బీట్‌రూట్ కూడా తెచ్చింది. ఒక్కటే. దాన్ని తురిమి పెసరపప్పులో వేసింది. నలుగురి కంచాల్లోనూ కాస్త ఎరుపు కనిపించింది.

మునగాకు పక్కింటి దొడ్లో కావలసినంత ఉంది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు. కానీ కడుపుతో ఉన్నవాళ్ళకు వేడి చేస్తుందని అమ్మ ముట్టుకోనివ్వలేదు.

అంగన్‌వాడీలో వదిన పేరు మీద గుడ్లు, పాలు, చోడిపిండి, అదే రాగిపిండి, ఇస్తారు. రోజుకొక గుడ్డు చొప్పున. ఆ గుడ్లు గుమ్మం దాటి లోపలికి రాగానే ఇంటివి అయిపోయేవి. అమ్మ పులుసు పెట్టి, అన్నయ్య కంచంలో రెండు, మా ఇద్దరికీ చెరొకటి వేసేది.

"అవి నా పేరున ఇచ్చినియ్యి అత్తా," అంది వదిన ఒకసారి, నవ్వుతూనే.

"నీ పేరునే ఇచ్చేరు, నేనెప్పుడు కాదన్నాను? దిమ్మలు మోసీవోడు ఒట్టి సారుతో తింటే నడుం ఇరిగి కూకుంటాడు. ఆడు కూకుంటే నీ పేరున ఎవుడు పెడతాడు?"

అమ్మను తప్పు పట్టబోతే ముందు అమ్మ కంచం చూడాల్సి వచ్చేది. అందరూ లేచాక అడుగున మిగిలిన పులుసు, ఉల్లిపాయ ముక్క, గంజి. గుడ్డు అమ్మ కంచంలో నేనెప్పుడూ చూడలేదు.

చోడిపిండితో వదిన పొద్దున్నే అంబలి కాచుకునేది. అది నలుగురికీ పంచవలసిన పని లేదు, మిగతా ముగ్గురికీ ఇష్టం లేదు కాబట్టి. ఒక రోజు వదిన అరుగు మీద కూర్చుని గ్లాసుతో తాగుతుంటే అన్నయ్య చూశాడు.

"ఊళ్ళో తాగిన అంబలి సాలదేటి? టౌన్‌కొచ్చీ అదేనా? లోపలికెల్లి తాగు. సూసినోడు, నానాజీ పెళ్ళానికి అన్నం పెట్టట్లేదనుకుంటాడు."

ఆ తరువాత వదిన వంటింటి తలుపు చేరవేసుకుని తాగేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. బలం మాత్రలు వేసుకుంటే వాంతులయ్యేవి. అవి సగం అట్టలోనే ఉండిపోయేవి.

ఇంతలో ఐదో నెల సగం దాటింది. బెల్లం సీజన్ అయిపోయింది. మార్కెట్‌కు లారీలు తగ్గాయి. అన్నయ్యకు వారంలో రెండు రోజులు పనుంటే గొప్ప. పాలు అమ్మ టీకి వాడడం మొదలుపెట్టింది. గుడ్లు వచ్చిన వారానికే అయిపోయేవి. మా నలుగురికీ రోజంతా కడుపు నింపేది ఆ ఏరిన బియ్యమే.

ఆ నెల రేషన్‌కు నేను వెళ్ళాను. బండి వెనక నా వంతు కోసం నిలబడ్డాను. బండివాడు ఖాళీ అయిన సంచిని మడిచి కింద వేశాడు. నేను ఏం కనబడినా చదువుతాను. పొట్లం కాగితాలు, గోడ మీద బోర్డులు, మందుల అట్టలు. చేతిలో పనిలేనప్పుడు కళ్ళు వాటంతట అవే అక్షరాల మీదికి వెళ్తాయి. సంచి మీద నీలం రంగులో తెలుగులోనే ఉంది. ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపిన బలవర్ధక బియ్యం అని.

రెండుసార్లు చదివాను. ఇనుము అంటే రక్తానికి. అది నాకు పదో తరగతి సైన్సులోనే తెలుసు. బియ్యంలో ఇనుము ఎలా కలుపుతారు? పిండి చేసి, మందు కలిపి, మళ్ళీ గింజలా అచ్చు పోస్తే తప్ప కలవదు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే గింజలు నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి.

బియ్యం నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి అరుగు మీద పక్క సందు మగవాళ్ళు ఇద్దరున్నారు. అన్నయ్య వాళ్ళకు టీ ఇప్పిస్తున్నాడు. "మా బండోడు అసలు మాట ఇనట్లేదు బావా. నువ్వొకసారి వచ్చి ఆడికి ముద్ద కొట్టి సూపించాల," అంటున్నాడు ఒకాయన. పనిలేక పది రోజులుగా మొహం వేలాడేసుకున్న అన్నయ్య ఆ వేళ నవ్వుతున్నాడు.

మధ్యాహ్నం అతను అన్నం తింటుండగా నేను దగ్గరకు వెళ్ళాను.

"అన్నయ్యా."

"ఏటి?"

అతను తల ఎత్తి నా వైపు చూశాడు.

"మజ్జిగ పొయ్యనా?" అన్నాను.

అలా మొదటి రోజు పోయింది. తరువాత రోజులు ఎలా పోయాయో చెప్పడం ఇంకా కష్టం. వదినకైనా చెప్పొచ్చు. కానీ వదిన కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. వెంటనే అన్నయ్యను అడుగుతుంది, ఇల్లు రెండవుతుంది. పోనీ నా చాటలోనైనా ఏరడం మానేయొచ్చు. కానీ ఏరాక అమ్మ ఒకసారి చూస్తుంది. ఒక్క గింజ ఉన్నా, "నీ కళ్ళకేటయ్యింది?" అంటుంది.

ఇంకో కారణం ఉంది. అది చెప్పడానికి సిగ్గు. రోజంతట్లో వదిన నాతో కూర్చునేది ఆ గంటే. రావికమతంలో వాళ్ళ ఇంటి సంగతులు, చిన్నప్పుడు జీడితోటలో తేలు కుట్టిన సంగతి, పుట్టబోయే బిడ్డకు పెట్టాలనుకుంటున్న పేర్లు, అన్నీ ఆ చాటల మీదే చెప్పేది. నేను ఎక్కువ మాట్లాడను. నాతో ఎక్కువ మాట్లాడేవాళ్ళు కూడా లేరు. ఆ గింజలు మంచివే అని తేలిపోతే రాళ్ళు, మట్టిబెడ్డలు చూసుకోవడానికి పది నిమిషాలు చాలు.

రేపు చెబుదాం అనుకుంటూ నెల దాటించాను. ఆ నెలంతా అందరికంటే ఎక్కువ గింజలు నా వేళ్ళే ఏరాయి.

గౌసియా అక్క వచ్చింది బుధవారం మధ్యాహ్నం. ఆవిడ ఆశా వర్కరు. వాళ్ళాయన మునీర్‌కు మెయిన్ రోడ్డులో టైలరింగ్ షాపు. మా సందు ఆవిడకు కొత్త. ఇదివరకటి ఆవిడ మానేస్తే రెండు నెలల కిందటే అప్పగించారు. ఎప్పుడూ పొద్దున్నే వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మాత్రలు ఇచ్చి వెళ్ళిపోయేది. ఆ వేళ చేతిలో పరీక్ష చీటీ పట్టుకుని అరుగు ఎక్కి కూర్చుంది.

"ఏడు," అంది వదిన వైపు చూసి. "ఏడుకి పడిపోయావమ్మా. డాక్టరమ్మ నన్ను నిలబెట్టి అడిగింది. ఇంకా దిగితే రక్తం ఎక్కించాలంట. ఇలాగే ఉంటే కాన్పు ఇక్కడ ముట్టుకోరు, విశాఖపట్నం పొమ్మంటారు. నీకూ మంచిది కాదు, లోపలి బిడ్డకీ మంచిది కాదు."

వదిన చీటీ తీసుకుని ఆ అంకెను చూసింది. పక్కనే గోడకు ఆనుకుని ఉన్న అన్నయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"తిండి ఏం పెడుతున్నారు చిన్నమ్మలమ్మా?" అంది అమ్మతో.

"మేం తిన్నదే పెడతన్నాం," అంది అమ్మ. "దానికని ఏరేగా ఏటీ సూడ్నేదు."

"అదే కదా తల్లీ చిక్కు. నువ్వు తిన్నది పెడితే చాలదు దానికి." గౌసియా అక్క చెమట తుడుచుకుంటూ కిందికి చూసింది. "ఇవేంటి, మూతలో?"

"ప్లాస్టిక్," అంది అమ్మ. "రేసన్ బియ్యంలోయి."

గౌసియా అక్క నవ్వబోయింది. మా మొహాలు చూసి ఆగిపోయింది. మూత చేతిలోకి తీసుకుని, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుంది.

"రోజూ ఏరుతున్నారా?"

"పోయినేటి నుంచి."

"యా అల్లా." ఆవిడ గింజలను మళ్ళీ మూతలో పోసింది. "ఇది ప్లాస్టిక్ కాదమ్మా. బియ్యం పిండిలో ఇనుము మందు కలిపి చేసిన గింజ. రక్తం తక్కువున్న ఆడవాళ్ళ కోసమే కలుపుతారు. మా ఇంట్లో ఇదే తింటాం, ఎవరం ఏరం. ఇదొక్కటే తింటే రక్తం పట్టేస్తుందని నేననను. కానీ ఖర్చు లేకుండా ఇంటికొచ్చిన మందు ఇదొక్కటే కదా, దీన్ని ఏరి పారేశారా?"

"మందేటి మందు," అన్నాడు అన్నయ్య. "ముద్ద కొడితే ఎగిరింది. ఈదంతా సూసింది."

"ఏ అన్నమైనా గట్టిగా పిసికి కొడితే ఎగురుతుంది బాబూ. సన్నబియ్యం వండుకుని కొట్టి చూడు. సంచి మీద తెలుగులో రాసి ఉంటుంది, ఒక్కరూ చదవలేదా?"

అన్నయ్య మొహం ఎర్రబడింది. "నేను ఏడో తరగతి. మాయమ్మది ఏలిముద్ర. ఈ ఇంట్లో ఇంటరు సదివింది అదొక్కర్తే," అన్నాడు నా వైపు చెయ్యి చూపించి.

అతను తప్పించుకోవడానికే అన్నాడు. కానీ అందరూ నా వైపు తిరిగారు. నేను చాటలోకి చూస్తున్నాను. వదిన మాత్రం నన్ను చూస్తూనే ఉంది. ఆమెకు నా మొహం చదవడం వచ్చు. రోజూ గంటసేపు ఎదురుగా కూర్చుంది.

"పైడీ, నీకు తెల్సా?"

నా వేలు చాటలో గింజ మీదే ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన నెల," అన్నాను. "బండి కాడ సూసేను."

"పోయిన నెల," అంది వదిన. అరిచినట్టు అనలేదు. ఏదో ధర అడిగి మళ్ళీ చెప్పుకున్నట్టు అంది.

"సెబుదామనే అనుకున్నాను వదినా."

ఆమె తన ఒళ్ళో చాటను తీసి పక్కన పెట్టింది.

గౌసియా అక్క లేచింది. సందులో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్తానని, మాత్రలు అన్నం తిన్నాక వేసుకోమని, మునగాకు భయం లేకుండా తినమని, శుక్రవారం ఆసుపత్రికి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళింది. ఆవిడ అరుగు దిగేదాకా ఆగి అన్నయ్య నా మీద పడ్డాడు.

"దొంగమొకంది. నెల్లాళ్ళు నోట్లో ఏటెట్టుకున్నావు? నన్ను నలుగురిలో ఎర్రోణ్ణి సేద్దామనా?"

"పోన్లేరా," అంది అమ్మ. "అయిందేదో అయింది. రేపట్నుంచి ఏరడం మానేద్దాం."

"మానేత్తారా? అరుగు మీద సాట కనబడకపోతే సందులో ఏటనుకుంటారు? నానాజీ అబద్ధం సెప్పేడు, ఆడింట్లోనే మానేసేరు అనరా? నిన్ననే పక్క సందోళ్ళకి సెప్పొచ్చేను." అతను గొంతు తగ్గించాడు. "ఏరినట్టే ఏరండి. అరుగు మీదే కూకోండి. లోపలికొచ్చేక మళ్ళీ కలిపేసుకోండి. ఎవుడికి తెలుత్తాది?"

"మరి ఆ గౌసియా సెప్పేత్తాది కదా?" అంది అమ్మ.

"ఆవిడ కొత్త. నేను సెప్పిన కాడ ఆవిడ మాట ఎవుడింటాడు? అడిగితే, మేమూ ఏరతానే ఉన్నామని సెప్పండి."

"ఎదురింట్లో తలుపులమ్మ కూడా కడుపుతోనే ఉంది," అంది వదిన.

అన్నయ్యకు వినబడింది. "ఆళ్ళ గొడవ మనకెందుకు," అన్నాడు.

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. అన్నయ్య మొహం చూసింది, వదిన కడుపు చూసింది. "అలగే సేద్దాం," అంది.

నేను చాట దగ్గరకు లాక్కున్నాను.

ఆ వేళ అన్నాలు ఆలస్యమయ్యాయి. అమ్మ అంగన్‌వాడీ గుడ్లలో మిగిలిన మూడూ ఉడికించి పులుసు పెట్టింది. వదినకు ముందు వడ్డించింది. ఎప్పుడూ లేనిది, కంచంలో రెండు గుడ్లు వేసింది. చేతికి అంటిన పులుసు కొంగుకు తుడుచుకుని, "తిను తల్లీ," అంది. ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.

మూడో గుడ్డు అన్నయ్య కంచంలో పడింది. అతను దాన్ని అటూ ఇటూ దొర్లించి, "నాకొద్దు, ఇది కూడా ఆవిడకే ఎయ్యి. రక్తం పట్టనీ," అన్నాడు.

వదిన కంచం వైపు చూస్తూ కూర్చుంది. అన్నంలో చెయ్యి పెట్టలేదు. తరువాత లేచి, ఆ కంచాన్ని తీసుకెళ్ళి అమ్మ కూర్చునే పీట ముందు పెట్టింది. చేతికి ఏమీ అంటకపోయినా కడుక్కుంది. లోపలి గదిలోకి వెళ్ళింది.

పెట్టె మూత తీసిన చప్పుడు వినబడింది. కాసేపటికి చీర మార్చుకుని వచ్చింది. చంకలో గుడ్డ సంచి, చేతిలో ఆసుపత్రి ఫైలు, మాత్రల కవరు.

"ఎక్కడికి?" అంది అమ్మ. "శుక్కరవారం కదా ఆసుపత్రి?"

వదిన కొక్కేనికి ఉన్న గొడుగు తీసుకుంది.

"పుట్టింటికా? ఆరో నెల్లోనా? సరి నెల్లో గుమ్మం దాటకూడదే. ఏడో నెలొత్తే మీ అమ్మోళ్ళే చలిమిడి పట్టుకొచ్చి తీసుకెల్తారు కదా. పది రోజులు ఆగలేవా? ఒరే, సెప్పరా దానికి."

అన్నయ్య తింటున్న కంచం మీంచి తల ఎత్తలేదు. "ఎల్లనీ. రావికమతంలో ఏరే రకం బియ్యం పండతన్నాయేటి? అక్కడా అదే రేసను, అదే గంజి. నాలుగు రోజులకి తెలిసొత్తాది."

అది అబద్ధం కాదు. వదిన వాళ్ళ అమ్మానాన్నలది కూలి పని. వాళ్ళింట్లో పాలు, గుడ్లు మా ఇంట్లో కంటే తక్కువే. వదినకు ఆ సంగతి మా అందరికంటే బాగా తెలుసు.

నేను గుమ్మంలో, తలుపు రెక్కకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. వదిన వచ్చి నా ముందు ఆగింది. దాటాలంటే నేను కదలాలి. ఆమె దాటనివ్వమనీ అడగలేదు, జరగమనీ అనలేదు. సంచి పట్టీ భుజం మీదికి లాక్కుని నిలబడింది. ఎదురింటి అరుగు మీద తలుపులమ్మ చాట ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది, ఇంకో చెయ్యి గింజల్లో ఉంది.

నేనేమైనా అంటానని వదిన చూసిందేమో. నా మీదా, నన్ను దాటి ఎదురింటి మీదా ఆమె చూపు ఒక్కసారి తిరిగింది. "ఏరకు తలుపులమ్మా" అనే రెండు మాటలు నా నోటిదాకా వచ్చాయి. వెనక అన్నయ్య మంచినీళ్ళు అడిగాడు.

నేను మోకాళ్ళు దగ్గరకు లాక్కుని పక్కకు జరిగాను.

వదిన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని అరుగు దిగింది. గొడుగు విప్పకుండానే ఎండలో సందు చివరి దాకా నడిచి, బస్టాండు వైపు మలుపు తిరిగింది.